బొట్టు పెట్టిన స్విచ్చి

దెయ్యాల కథ కోసం చూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు వాటి మీద నమ్మకం లేదు, ఇదంతా జరిగాక కూడా రాలేదు. చిన్నప్పుడు మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, జ్వరం చూశారా అని అడిగి పెద్దవాళ్ల చేత తిట్లు తిన్నదాన్ని. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆయన లేనప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే హాయిగా ఉంటాను. వైరు తెగితే నెట్ పోతుంది, కలిపితే వస్తుంది. నా చదువూ నా బతుకూ ఈ రెండు మాటల మీదే నడిచాయి.

అయినా ఇది రాయాల్సి వచ్చింది. మా అన్న నాకు చేసిన పని హుజూర్‌నగర్‌లో చాలామందికి తెలుసు. అది నాకెట్లా తెలిసిందో మాత్రం ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లకు "ఎవరో చెప్పిన్రు" అని తప్పించుకున్నాను. ఆ చెప్పిందెవరో ఇప్పుడు రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఇందులో నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

నేను నల్గొండలో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కొన్నేళ్లు పనిచేశాను. ఎక్కడెక్కడో దూరంగా ఉన్న ఆఫీసుల్లో నెట్ కనెక్షన్ సరిగా ఉందా లేదా అని తెర ముందు కూర్చుని చూడటం మా పని. వాళ్లు ఫోన్ చేసి మొత్తుకోకముందే ఎక్కడ తేడా వచ్చిందో మేం పట్టుకోవాలి. పెళ్లయ్యాక ఆ ఉద్యోగం మానేసి హుజూర్‌నగర్ వచ్చాను. అప్పుడు శ్రీను అన్న అన్నాడు, "చెల్లె, మనమే నెట్ దుకాణం పెడదాం. స్తంభాలెక్కుడు నాది, మిషన్లు నీయి."

శ్రీను అన్న మా చిన్నమ్మ కొడుకు. నాకు సొంత అన్నదమ్ములు లేరు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను రాఖీ కట్టింది ఆయనకే. అంతకుముందు టీవీ కేబుల్ పని చేసేవాడు కాబట్టి ఊళ్లో ప్రతి స్తంభం, ప్రతి ఇంటి పెరడు ఆయనకు తెలుసు. ఏ ఇంటికి పోయినా మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేవాళ్లు. మార్కెట్ దగ్గర ఒక షట్టరు కిరాయికి తీసుకున్నాం. కరోనా రోజుల్లో హైదరాబాద్ నుంచి ఇళ్లకు చేరిన పిల్లలంతా ఇంటి నుంచే పనిచేయడం మొదలుపెట్టారు, మా దుకాణం నిలబడింది.

ఆ పిల్లలకు నెట్ పోవడమంటే సినిమా మధ్యలో ఆగిపోవడం కాదు, ఉద్యోగం మీదికి వస్తుంది. వాళ్లు ఫోన్ చేసేదాకా మాకు తెలియకపోతే ఇక మేమెందుకు? అందుకని నేను పాత కంపెనీలో చేసిన పనే మా ఊరికి తగ్గట్టు చేశాను. ఒక్కో ఇంట్లో రూటర్ పక్కన అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి పెట్టాం. అది మా దుకాణంలోని కంప్యూటర్‌కు ఆగకుండా "ఉన్నాను, ఉన్నాను" అని కబురు పంపుతూ ఉంటుంది. కబురు వస్తుంటే తెర మీద ఆ ఇంటి పేరు పక్కన పచ్చ చుక్క, రాకపోతే ఎర్ర చుక్క. మేం దాన్ని కాపలా డబ్బా అనేవాళ్లం. ప్రతి డబ్బా లోపలా దానికి మాత్రమే చెందిన రహస్య గుర్తు ఉంటుంది. ఆ గుర్తు సరిపోతే తప్ప మా కంప్యూటర్ కబురు తీసుకోదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మొదటి డబ్బా చిన్నమ్మ ఇంట్లోనే పెట్టాం. మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో ఆమె జాకెట్లు కుట్టేది. అన్న పెళ్లయ్యాక ఊరికి అవతలి వైపు ఇల్లు కట్టుకున్నాడు, రమ్మని పిలిచాడు కూడా. "నా గిరాకీ అంత ఈడనే ఉన్నది, నేనెక్కడికి వస్త" అని చిన్నమ్మ కదల్లేదు. మంచి నోరుగల మనిషి. కొలతలు తీసుకుంటూనే ఎవరింట్లో ఏం జరుగుతోందో అన్నీ రాబట్టేది.

పెట్టిన వారంలోనే మా పథకం బోల్తా పడింది. తెర మీద పొద్దున్నే సగం ఊరు ఎర్రబడేది. అన్న బండేసుకుని ఇంటింటికీ పరుగెత్తేవాడు. పోయి చూస్తే వైరు బాగానే ఉండేది, రూటర్ బాగానే ఉండేది, స్విచ్చి మాత్రం ఆపి ఉండేది. మా దగ్గర పొలం పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా, మబ్బు పట్టి ఒక్క ఉరుము ఉరిమినా ఇంట్లో ఉన్న స్విచ్చీలన్నీ టపటపా ఆపేస్తారు. అది మా అలవాటు, ఎవరూ తప్పు పట్టలేరు. హైదరాబాద్ ఆఫీసులను చూసి వచ్చిన నాకు ఆ ముక్క ముందే తోచలేదు. "ఆపవద్దు" అని కాగితాలు అంటించాం. ఎవరు చదువుతారు?

దానికి చిన్నమ్మే మందు కనిపెట్టింది. ఒకరోజు నేను ఆమె ఇంట్లో కూర్చుని ఇదంతా చెప్పుకొని మొత్తుకుంటుంటే, లేచి దేవుడి గూట్లోంచి పసుపు కుంకుమలు తెచ్చి, రూటర్ స్విచ్చికి బొట్టు పెట్టింది.

"ఇగ దీని మీద ఎవ్వడు చెయ్యి వెడ్తడో చూస్త" అంది.

నేను నవ్వాను. కానీ ఆ మాట నిజమైంది. బొట్టు పెట్టిన స్విచ్చిని ఎవరూ ఆపలేదు, ముసలివాళ్లు కూడా ముట్టుకోలేదు. అప్పటి నుంచి అన్న పనిముట్ల సంచిలో టేపు పక్కన కుంకుమ పొట్లం కూడా ఉండేది. కొత్త కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంట్లో స్విచ్చికి బొట్టు పెట్టి వచ్చేవాడు. మేళ్లచెరువులో రూత్ అనే పిల్ల ఇంటికి పోయినప్పుడు వాళ్లమ్మ, "మాకు బొట్టు వద్దు బిడ్డా, మేం ప్రభువు దిక్కు" అని సుద్దముక్కతో చిన్న శిలువ గీసింది. అది కూడా అంతే బాగా పనిచేసింది.

చిన్నమ్మ మాత్రం తన స్విచ్చిని రోజూ పొద్దున తడిగుడ్డతో తుడిచి కొత్త బొట్టు పెట్టేది. ఎందుకు చిన్నమ్మా రోజూ అంటే, "నా ఇద్దరు పిల్లల బువ్వ గిండ్లనే ఉన్నది గదనే" అనేది. ఇద్దరు పిల్లలంటే అన్న, నేను.

ఆమె ఎక్కువ రోజులు మంచాన పడలేదు. గుండెనొప్పి అని నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం, అక్కడే పోయింది. దినాలయ్యాక ఆ ఇంట్లోంచి రూటర్ నేనే తీశాను. కాపలా డబ్బాను మాత్రం ఇంకో ఇంట్లో పెట్టడానికి మనసొప్పలేదు. దాన్ని ఒక పాత జాకెట్ గుడ్డలో చుట్టి మా ఇంటి బీరువాలో చీరల కింద దాచుకున్నాను. అన్న స్తంభం దగ్గర వైరు విప్పేశాడు. కరెంటోళ్లు వచ్చి మీటరు తీసుకుపోయారు. అన్న తాళం వేశాడు. దానికి ఉన్నది ఒక్కటే తాళంచెవి, రెండోది ఎప్పుడో పోయింది. అది అన్న ఇంట్లో మేకుకు వేలాడేది.

తెర మీద మాత్రం చిన్నమ్మ పేరు తీసేయలేకపోయాను. ఒక్క మీట నొక్కితే పోతుంది. నొక్కలేదు. అందరి పేర్ల కిందా ఎర్ర చుక్కతో ఆ పేరు అట్లాగే ఉండిపోయింది.

మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దుకాణంలో ఒక్కదాన్నే టిఫిన్ డబ్బా విప్పుకొని కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే ఆ చుక్క పచ్చగా ఉంది. ముందు ఏ పేరని కూడా గుర్తించలేదు. గుర్తించాక చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, చిన్నమ్మ ఇంట్ల ఏమన్న పెట్టినవా?"

"నేనెందుకు పోత చెల్లె? తాళమేసినకాన్నుంచి అటు మొకాన పోలె. నీ తెర ఖరాబైనట్టున్నది, జర చూస్కో" అన్నాడు.

ఇంటికి పోయి బీరువా తీశాను. డబ్బా చీరల కింద, గుడ్డలో, నేను కట్టిన ముడితోనే ఉంది. తిరిగి దుకాణానికి వచ్చేసరికి చుక్క ఎర్రబడింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే మేళ్లచెరువు రోడ్డు మీది ఇళ్లన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. సిమెంటు లారీ వైరును తెంపుకుపోయిందని అన్న చెప్పాడు. ఆ దారిలో ఎత్తుగా లోడేసుకుని పోయే లారీలు వైర్లను లాగేయడం మామూలే కాబట్టి నేనూ నమ్మాను. సాయంత్రానికి కలిపాడు.

కొన్నాళ్లకు మళ్లీ అదే జరిగింది. ముందు చిన్నమ్మ చుక్క పచ్చబడింది. కాసేపటికి ఎర్రబడింది. ఆ వెనకే మేళ్లచెరువు రోడ్డు మొత్తం పోయింది. మళ్లీ లారీయే అన్నాడు అన్న.

నేను దెయ్యమని అనుకోలేదు. నేను పెట్టిన ఏర్పాటులోనే ఎక్కడో తప్పుందనుకున్నాను. హైదరాబాద్‌లో నాతో పనిచేసిన ఒకతనికి ఆ చుక్క తాలూకు వివరాలన్నీ పంపాను. అతను చూసి, గుర్తు సరిపోయింది, ఇది ఆ డబ్బా పంపిన కబురే, డబ్బా ఎక్కడుంది అన్నాడు. మా బీరువాలో చీరల కింద అన్నాను. అతను నవ్వి, అయితే అదే గుర్తున్న డబ్బా ఇంకోటి ఉండాలి అన్నాడు. లేదు. ఆ గుర్తులు వేసింది నేనే, ఏ రెండింటికీ ఒకటి వేయలేదు. మా ఆయనకు చెబితే, "చుక్కలు చూస్తే కడుపు నిండదు, అన్నం పెట్టు" అని ఎగతాళి చేశాడు.

నాకు చుక్క కంటే రూత్ సంగతే ఎక్కువ బెంగ పెట్టింది. ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. వాళ్ల నాయిన రాళ్ల పనిలో చెయ్యి నలిగి ఇంట్లో ఉన్నాడు. ఇల్లంతా రూత్ జీతం మీదే. రెండుసార్లు పని మధ్యలో నెట్ పోయేసరికి, ఇంకోసారి పోతే తీసేస్తామని కంపెనీవాళ్లు చెప్పారట. "అక్కా, నీ మీద భరోసతోనే ఇంట్ల కూసొని చేస్తున్న. లేకుంటే హైదరాబాద్ పోదును, నాయినను ఎవరు చూస్తరు?" అంది. ఇగ పోదు, నాది పూచీ అని మాటిచ్చాను. అన్నకు కూడా గట్టిగా చెప్పాను, ఆ రోడ్డు మీద వైరును పైకెత్తి కట్టమని. కట్టిన అన్నాడు. ఆ పిల్ల ఉద్యోగం మన చేతిలో ఉందని కూడా చెప్పాను. అది విని కూడా ఆ మనిషి తలూపాడు.

మూడోసారి అది పొద్దుటి పూట జరిగింది. షట్టరు తీసి, ఊడ్చి, తెర ముందు కూర్చోగానే చిన్నమ్మ చుక్క పచ్చబడింది. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఎర్రబడింది. చూస్తుండగానే మేళ్లచెరువు రోడ్డు ఎర్రబడింది. రూత్ ఇంటి చుక్క కూడా పోయింది.

అన్నకు ఫోన్ చేసి "అన్నా, లైను పోయింది" అన్నాను, అంతే.

"మేళ్లచెరువు రోడ్డే గదా, మళ్ల లారీనే చెల్లె. పోతున్న, కలుపుత" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక తట్టింది. ఏ రోడ్డో నేను చెప్పలేదు. అప్పుడప్పుడు నా తెరను తన ఫోన్లో చూసుకునేవాడు కదా అనుకున్నాను. అట్లా అయినా అనుకోవాలని ఎంతో ప్రయత్నం చేశాను. కానీ కాళ్లు ఆగలేదు. నేరుగా అన్న ఇంటికి పోయాను.

వదిన బియ్యం ఏరుతోంది. చిన్నమ్మ ఫోటో ఒకటి ఆ ఇంట్లో ఉండిపోయింది, తెచ్చుకుంటాను, తాళంచెవి ఇవ్వమన్నాను. "ఎవ్వరికీ ఇయ్యొద్దన్నడే మీ అన్న" అని నసిగింది. "నేను ఎవ్వరినా వదినా?" అన్నాను. ఇచ్చింది. తాళంచెవి మేకు మీదే ఉంది. పొద్దున తీసుకుపోయి ఇంతకుముందే తెచ్చి పెట్టాడని ఆమే అంది. పాపం, ఆమెకు ఏమీ తెలియదు.

చిన్నమ్మ ఇంటి తలుపు తీశాను. మూసిన ఇంట్లో ఉండాల్సిన దుమ్ము వాసనకు బదులు కొత్త అట్టపెట్టెల వాసన కొట్టింది. కుట్టు మిషన్‌ను మూలకు నెట్టేశారు. గోడ పొడవునా పెట్టెలు పేర్చి ఉన్నాయి. మా జిల్లాకు కొత్తగా వస్తున్న ఒక పెద్ద కంపెనీ రూటర్లు అవి. ప్రతి పెట్టె మీదా నల్ల మార్కర్‌తో పేరు రాసి ఉంది. పాలకేంద్రం మల్లన్న. ఎరువుల కొట్టు సారు. టీచరమ్మ. మేళ్లచెరువు రూత్. అన్నా నేనూ కూర్చుని నవ్వుకుంటూ పెట్టుకున్న పేర్లు అవి, నా తెర మీది పేర్లు. నా దగ్గరున్న ప్రతి ఇంటికీ అక్కడ ఒక పెట్టె తయారుగా ఉంది. కిటికీ మీద వైరు కోసే కత్తెర, దాని పక్కన చిన్నగా కోసిన మా నల్లవైరు ముక్కలు ఉన్నాయి.

నేను కింద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు.

అట్లా కూర్చున్నప్పుడే రూటర్ ఉండే గోడ మీదికి చూపు పోయింది. స్విచ్చి మీద బొట్టు ఉంది. పసుపు తడి ఇంకా ఆరలేదు. కుంకుమ తాజాగా ఎర్రగా ఉంది. అన్న వదినతో పెట్టించి ఉంటాడు, చేసిన పాపానికి పూజ కూడానా అనుకున్నాను. మీటరు లేని ఇంట్లో, కరెంటు రాని స్విచ్చికి బొట్టెందుకో అప్పుడు తట్టలేదు.

బయట బండి చప్పుడైంది. వదిన ఫోన్ చేసి ఉంటుంది. అన్న లోపలికి వచ్చి నన్ను, పెట్టెలను మార్చి మార్చి చూశాడు. చెమటలు కక్కుతున్నాడు.

"పెద్ద కంపెనీ వస్తాంది చెల్లె. ఇయ్యాళ కాకుంటె రేపు మన దుకాణం మునుగుడే. నేను ముందుగాల ఆళ్ల దిక్కు పోయి ఒడ్డు వడ్డ, గంతే" అన్నాడు.

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె ఒప్పుకుంటవా నువ్వు?"

"వైర్లు కోసింది నువ్వేనా?"

పక్కకు జరిగిన ఒక పెట్టెను సర్దాడు. నేను మళ్లీ అడిగాను. "మంచిగ నడిచే లైను ఎవ్వడు ఇడ్సిపెడ్తడు స్వరూపా? జర ఖరాబైతెనే గదా మారేది" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో! కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అన్నాడు.

"రూత్ నౌకరి పోతది అన్నా."

"గా పిల్లకు ఇంకోటి దొరుకుతది."

ఇంకా అడిగాను, విన్నాను. నేను దుకాణం మూసి హైదరాబాద్ పోతున్నానని ఇంటింటికీ చెప్పాడట. అందరూ నా గురించి అయ్యో అన్నారట. పది రోజుల కింద టీచరమ్మ నన్ను రోడ్డు మీద ఆపి, ఎక్కడున్నా సల్లగుండు బిడ్డా అంటే, ఈమెకేమైందని నవ్వుకున్నాను. మా ఇంట్లో కూర్చుని నా చేతి వంట తింటూ, నాకు తెలియకుండా ఊరందరితో నాకు వీడ్కోలు చెప్పించాడు.

ఇదంతా చెప్పేటప్పుడు ఆయన తల దించుకోలేదు. ఉన్నట్టుండి గోడ మీది స్విచ్చి చూశాడు. అప్పుడు మొహం మారింది.

"ఇగ గా ఆట బంద్ చెయ్యి" అన్నాడు.

"ఏ ఆట?"

"నేను వచ్చినప్పుడల్లా తుడుస్తున్న. మళ్ల వచ్చేసరికి ఉంటాంది. ఇయ్యాళ పొద్దున గూడ తుడిచే పోయిన. అంత తెలిసి ఇన్నొద్దులు నోరు మూసుకొని, అమ్మ పేరు మీద నన్ను బెదిరిస్తున్నవా?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాను. "నేను ఈ ఇంట్ల ఇయ్యాళనే కాలువెట్టిన అన్నా. అమ్మతోడు" అన్నాను.

"ఝూట మాటలు మాట్లాడకు."

"తాళంచెవి నీ ఇంట్ల గదా ఉండేది. వదిననడుగు."

నా ముందే వదినకు ఫోన్ చేశాడు. ఇంతకుముందు ఎన్నడన్నా స్వరూపకు తాళంచెవి ఇచ్చినవా అని అడిగాడు. ఆమె చెప్పింది నాకు వినబడింది. ఇవ్వలేదు, ఇదే మొదలు, తాను కూడా అత్త దినాలైనప్పటి నుంచి ఆ గడప తొక్కలేదు అంది. అన్న ఫోన్ జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు.

అప్పుడు నేను చుక్క సంగతి చెప్పాను. "నువ్వు ఈడికి వచ్చినప్పుడల్లా నాకు కానొచ్చింది. చిన్నమ్మ పేరు మీదనే కానొచ్చింది. నేనే గుర్తుపట్టలె."

ఆయన నా వైపు చూడలేదు. స్విచ్చి వైపే చూస్తూ వెనక్కి నడిచి గడప దాటాడు. తలుపు వేయకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. బొట్టు తుడవలేదు.

ఇక మారతాడనుకున్నాను. రాత్రికి ఇంటికొచ్చి తప్పైంది చెల్లె అంటాడని కూర కూడా ఎక్కువ వండాను. రాలేదు. ఆ నెల తిరక్కుండానే పెట్టెలన్నీ ఆ ఇంట్లోంచి బయటికి తీయించి, ఇంటింటికీ బిగించాడు. తాను లోపలికి పోలేదట, మనుషులను పెట్టి తీయించాడట. అంటే భయపడ్డాడు. భయపడ్డాడు కానీ ఆగలేదు. తల్లే ఎదురొచ్చినా పక్క నుంచి తప్పుకుపోయే మనిషిని నేను ఇన్నేళ్లూ అన్నా అని పిలిచాను. నా తెర మీద చుక్కలు రోజుకు కొన్ని ఆరిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో పేరు ఆరినప్పుడల్లా ఎవరో చెంప మీద కొట్టినట్టుండేది.

రూత్ ఉద్యోగం పోయింది. నేనే మేళ్లచెరువు పోయి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. అంతా విని, "మీ ఇద్దర్ని చూసి నాకు గూడ ఒక అన్నుంటే మంచిగుండు అనుకునేదాన్ని అక్కా" అంది. ఆ మాట నన్ను అన్న చేసిన పని కంటే ఎక్కువ ఏడిపించింది. వాళ్లమ్మ మాత్రం కొత్త డబ్బా వద్దని అన్న మనుషులను గుమ్మం నుంచే పంపేసింది. సుద్దతో గీసిన శిలువ కింద ఇప్పటికీ నా డబ్బాయే ఉంది. రూత్ ఇప్పుడు పిల్లలకు ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెబుతోంది. అట్లా మిగిలిన కొద్ది ఇళ్లతో దుకాణం నడుస్తోంది, చిన్నగా.

ఇక డబ్బా సంగతి. అంతా సద్దుమణిగాక బీరువాలోంచి తీసి, ముడి విప్పి, దుకాణంలో కరెంటుకు తగిలించాను. వెలగలేదు. అడాప్టర్ మార్చినా వెలగలేదు. రిపేరు షాపులో విప్పించాను. లోపల అంతా నల్లగా మాడిపోయి ఉంది. పిడుగు దెబ్బకు మాడినట్టుంది, ఇది ఇప్పటిది కాదు, లోపల తుప్పు కూడా పట్టింది అన్నాడు అతను. దాచేటప్పుడు నేను పరీక్షించలేదు. కాబట్టి ఎప్పుడు మాడిందో చెప్పలేను. కానీ కరెంటూ వైరూ లేని ఇంటి పేరు మీద, చీరల కింద ఉన్న మాడిపోయిన డబ్బా గుర్తుతో కబురు ఎట్లా వచ్చిందో నాకు తెలిసిన విద్యలో జవాబు లేదు. గుర్తును ఎవరో కాపీ చేశారని కూడా ఆలోచించాను. ఎవరు చేస్తారు? అన్నకు వైరు పని తప్ప ఇది రాదు. వచ్చినా, తన గుట్టు తానే నాకు ఎందుకు చూపించుకుంటాడు?

బొట్టు సంగతి అయితే ఇంకా కష్టం. అన్నే భయంతో లేనిది ఊహించుకున్నాడని అందామంటే, తడి పసుపును నేను నా కళ్లతో చూశాను. మొన్న రాఖీ పండుగ ముందు వదిన ఫోన్ చేసింది. ఆ ఇల్లు కిరాయికి ఇద్దామని సున్నం వేయిస్తున్నారట. గొంతు తగ్గించి, "స్వరూపా, నిజం చెప్పు, గా బొట్టు నువ్వేనా?" అని అడిగింది. కాదన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. రాఖీ కట్టడానికి వస్తావా అని కూడా అడగలేదు.

చిన్నమ్మ చుక్క ఆ రోజు తర్వాత మళ్లీ వెలగలేదు. పేరు మాత్రం తీసేయలేదు. పొద్దున తెర తెరవగానే ముందు అటే చూస్తాను. కొన్నిసార్లు కోపం వస్తుంది. చెప్పాలనుకున్నదానివి మొదటి రోజే ఒక గట్టి గుర్తు చూపిస్తే ఏం పోయేది చిన్నమ్మా, రూత్ ఉద్యోగమైనా మిగిలేది కదా అని పైకే అనేస్తాను. మళ్లీ అనిపిస్తుంది, ఆమె నాకు చెప్పడానికి రాలేదేమోనని. ఆ బొట్టు పెట్టేదే చెయ్యి వేయొద్దని చెప్పడానికి. కొడుకు తుడిచినప్పుడల్లా మళ్లీ పెట్టింది. ఈసారైనా ఆగుతాడని చూసి ఉంటుంది. ఆ రాత్రి ఎక్కువ కూర వండుకుని నేనూ అట్లాగే చూశాను.